ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తున్నాడు, ఏం చేయాలి?

మీ పదమూడేళ్ల బాబు అర్ధరాత్రి దాకా ఫోన్ వదలట్లేదని, లాక్కుంటే అన్నం మానేస్తున్నాడని రాశారు. రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవండి. మాది అమలాపురం దగ్గర పల్లె. మావారు కువైట్‌లో పని చేస్తారు. మావాడు వాళ్ల నాన్నను చూసేదే ఫోన్‌లో, అందుకే ఇంట్లో ఫోన్ లేకుండా చేయడం మాకు కుదరదు.

మొదట్లో కోపం పట్టలేక ఫోన్ తీసి బియ్యం డబ్బాలో దాచాను. నాలుగు రోజుల్లో వాడు ఫ్రెండ్ దగ్గర పాత ఫోన్ తెచ్చుకుని కొబ్బరి తోటలో కూర్చుని ఆడటం మొదలెట్టాడు. అక్కడ ఏం చూస్తున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో నాకేం తెలుస్తుంది? ఆ భయంతోనే దాచడం మానేశాను.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగి ఏడింటికి వీడియో కాల్ చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర. ముందు నేను మాట్లాడి వాడికిచ్చి పడుకునేదాన్ని. ఇక ఫోన్ వాడి దగ్గరే. ఇప్పుడు ముందు వాడు మాట్లాడతాడు, తర్వాత నేను. కాల్ అయ్యేసరికి ఫోన్ నా చేతిలో ఉంటుంది. అంతే, సగం గొడవ తగ్గింది.

రాత్రి ఫోన్లన్నీ హాల్లో టీవీ పక్కనే ఛార్జింగ్‌లో ఉంటాయి. "నీది కూడా పెట్టమ్మా" అన్నాడు మొదటి రోజే. న్యాయమే కదండీ, పెట్టాను. పొద్దున్నే లేవడానికి అలారం గడియారం కొన్నాం. పిల్లల ఫోన్ వాడకాన్ని పెద్దవాళ్లు చూసుకునే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ కూడా వాడిని పక్కన కూర్చోబెట్టుకునే పెట్టాను, చాటుగా పెట్టలేదు.

ఒకసారి గేమ్‌లో ఎవరో ఫొటో పంపమన్నారని వాడే వచ్చి చెప్పాడు. తిట్టనని ముందే మాటిచ్చాను కాబట్టే చెప్పాడు. ఈ మాట మాత్రం మీరు తప్పకుండా ఇవ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఫోన్లు పెట్టే చోట గోడ మీద రాసి ఉంచాను.

ఇక అన్నం సంగతి. బాబు రోజుల తరబడి తినకపోయినా, నిద్రపోకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఒకటి రెండు పూటల అలకైతే బతిమాలుతూ ఫోన్ తిరిగి ఇచ్చేయకండి. మావాడు అలిగినప్పుడు ఫోన్ ఊసెత్తకుండా పప్పన్నం కలిపి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి తినలేదు. మర్నాడు పొద్దున్న వాడే కంచం తెచ్చుకున్నాడు.