టేబుల్ చేద్దాం అంటే?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరు నుంచే అమెరికన్ కంపెనీకి పని చేస్తోంది. తన ప్రతిపాదనను ‘టేబుల్ చేద్దాం’ అని మేనేజర్ అంటే చర్చకు తీసుకుంటారని సంబరపడింది. తీరా పక్కన పెట్టేశారు. తప్పెవరిదండీ?
– ఒక తల్లి, బ్రాడీపేట

జవాబు: ఎవరిదీ కాదమ్మా. టేబుల్ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో ప్రస్తుతానికి వాయిదా వేయడం. మనం నేర్చింది బ్రిటిష్ ఇంగ్లిష్, పార్లమెంటులో బిల్లు టేబుల్ చేశారని పేపర్లో రాసేదీ ఆ అర్థంలోనే, కాబట్టి పాపం అమ్మాయి అలా అనుకోవడం సహజమే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ మాట మీదే చాలాసేపు వాదించుకున్నారనీ, తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేననీ చర్చిల్ రాశారు. ఈసారి ‘ఇప్పుడే మాట్లాడదామా, తర్వాతా?’ అని మీటింగ్‌లోనే అడిగేయమనండి.