ఒకే మాయ ఉన్న కవలలకు కడుపులోనే లేజర్ చేయించాలా, నీరు తీయిస్తే సరిపోతుందా?

మీ ఆవిడకు అయిదో నెల, కవలలు, మాయ ఒక్కటే, ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు వెళ్లిపోతోందని (ట్విన్-టు-ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోమ్) లేజర్ అనగానే భయమేసింది, ఉమ్మనీరు తీయిస్తే చాలదా అని అడిగారు. చాలదండీ. మా చెల్లి దగ్గరుండి అంతా చూశాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

ఉన్నట్టుండి దాని పొట్ట డోలులా బిగిసిపోయింది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. "కవలలు కదమ్మా, అంతే ఉంటుంది" అంది వాళ్ల అత్తగారు. స్కానింగ్‌లో చూస్తే ఒక బిడ్డ చుట్టూ విపరీతంగా నీరు, రెండో బిడ్డకు నీరే లేక పొర ఒంటికి చుట్టుకుపోయి గర్భసంచి గోడకు అతుక్కుని ఉంది. మాయలో ఇద్దరి రక్తనాళాలు కలిసిపోయి ఒకరి రక్తం ఇంకొకరికి వెళ్లిపోతోంది. ఇచ్చే బిడ్డ చిక్కిపోతుంది, పుచ్చుకునే బిడ్డ గుండె ఆ భారానికి దెబ్బతింటుంది. నీరు తీస్తే తల్లికి ఊపిరాడుతుంది గానీ ఆ నాళాలు అలాగే ఉంటాయి కదా! ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసిన, 2004లో వచ్చిన యూరప్ ట్రయల్‌లో, కనీసం ఒక్క బిడ్డయినా దక్కినవాళ్లు లేజర్‌తో 76 శాతం, నీరు తీస్తే 56 శాతం. తేడా తేలిపోయిందని ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

పొట్ట కోయరు. సన్నటి గొట్టంలోంచి కెమెరా పంపి, కలిసిన నాళాలను లేజర్‌తో మూసేస్తారు, ఎక్కువైన నీరూ అందులోంచే తీస్తారు. చెల్లికి మత్తు పొట్ట వరకే ఇచ్చారు, స్క్రీన్ తనకూ కనిపించింది. మధ్యలో కెమెరాకు అడ్డంగా చిన్న వేళ్లు కదిలాయట, ఇప్పటికీ అదే చెప్తుంది. మర్నాడు స్కాన్‌లో రెండు గుండెలూ కొట్టుకోవడం చూశాకే మా మరిది అన్నం ముట్టాడు. ఎనిమిదో నెలలోనే పుట్టారు, చిన్నది చాలా రోజులు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉంది, ఇద్దరూ బాగున్నారు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు, ఉమ్మనీటి సంచి ముందే పగలొచ్చు, ఒక బిడ్డ పోవచ్చు కూడా.

నా కోపమంతా మూడో నెల రిపోర్టు మీద. "కవలలు" అని రాసి వదిలేశారు, మాయ ఒకటా రెండా లేదు. అది బాగా తెలిసేదే 11–14 వారాల మధ్య. ఒకే మాయ అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తీయాలి. మా చెల్లికేమో నెల తర్వాత రమ్మన్నారు! పైగా ఇంట్లో "అన్ని స్కానింగులు బిడ్డకు మంచివి కావు" అనే సలహాలు.

ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డకు వైద్యం చేసే) డాక్టర్‌ను ఈ సమస్య ఏ స్టేజీలో ఉందని, ఇలాంటి లేజర్‌లు తరచూ చేస్తారా అని అడగండి. ఆ ట్రయల్‌లో తీసుకున్నది కూడా 26 వారాల లోపు వాళ్లనే, కాబట్టి మంచిరోజు కోసం చూడకుండా రేపే వెళ్లండి.