నిచ్చెన ఎక్కే పనికోసమేనా డిప్లొమా?

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేశాడు. నాలుగు నెలలుగా హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర ఉన్నాడు. ఆఫీసుల్లో సీలింగ్‌కీ గోడలకీ వైఫై యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాలు) బిగించే పని. రోజంతా నిచ్చెన మీదేనట. చదివిన చదువు వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించి బీటెక్‌లో చేర్చమంటారా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, ఇప్పుడే మాన్పించకండి. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీ అబ్బాయిని ఒక్కమాట అడగండి: "ఆ డబ్బాను అక్కడే ఎందుకు పెట్టావు?" అని. "డ్రాయింగ్‌లో అలా ఉంది" అన్నాడంటే అతను ఇంకా కూలి పనే చేస్తున్నట్టు. కారణం చెప్పగలిగితే ఇంజినీరింగ్ మొదలైనట్టే.

ఎందుకంటే అందులో చాలా విషయం ఉంది. సీలింగ్ కోసం చేసిన యాక్సెస్ పాయింట్ సిగ్నల్‌ను చుట్టూ, కిందికీ పరుస్తుంది. దాన్నే తెచ్చి గోడకు నిలువుగా బిగిస్తే సిగ్నల్‌లో కొంత పై అంతస్తుకూ కింది అంతస్తుకూ పోతుంది. గోడకు పెట్టాలంటే అందుకోసం చేసిన రకం వేరే ఉంటుంది. చాలా హోటల్ గదుల్లో ఉండేవి అవే. అందం చెడుతుందని ఫాల్స్ సీలింగ్ పైన దాచమంటారు కొందరు. అక్కడ ఏసీ డక్టులు, ఇనుప ఫ్రేములు సిగ్నల్‌కు అడ్డం. పని సులువని కారిడార్‌లో వరసగా బిగిస్తే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి, గదుల్లో మాత్రం సిగ్నల్ అందదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు (సిగ్నల్ వెళ్లే దారులు) మూడే: 1, 6, 11. మీ అబ్బాయి పుస్తకంలో చదివిన యాంటెన్నాల పాఠం ఇదే కదా!

కేబుల్ సంగతీ అంతే. డేటా, కరెంటు రెండూ ఒకే ఈథర్నెట్ కేబుల్‌లో వెళతాయి. ఇలా కరెంటు పంపే 2003 నాటి ప్రమాణంలో స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లు కలిసే పెట్టె) పోర్టు నుంచి 15.4 వాట్లు, 2009 దానిలో 30 వాట్లు. స్విచ్ నుంచి మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా దొరుకుతుంది కానీ, దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోయి యాక్సెస్ పాయింట్ ఆగి ఆగి పనిచేస్తుంది. ఇలాంటి లోపాన్ని పసిగట్టే కుర్రాడిని ఏ కంపెనీ అయినా అట్టిపెట్టుకుంటుంది.

ఇక ముందుకు వెళ్లే దారి. ల్యాప్‌టాప్ పట్టుకుని సైట్ సర్వే (ఎక్కడ సిగ్నల్ ఎంత ఉందో కొలవడం) చేసే ఇంజినీర్ వెంట వెళ్లనివ్వమని యజమానిని అడగమనండి. సాయంత్రాలు సీసీఎన్ఏకి (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష) చదవాలి. ఆ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. తర్వాత వైర్‌లెస్‌కే ప్రత్యేకమైన సీడబ్ల్యూఎన్ఏ సర్టిఫికెట్ ఉంది. ఏడాది గడిచినా చేతిలో డ్రిల్ తప్ప ఇంకేమీ పెట్టకపోతే కంపెనీ మారమనండి, రంగం మారనక్కర్లేదు. బీటెక్ మీద మనసుంటే ఈసెట్ (డిప్లొమా చేసినవాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు.

నాకు నిజంగా దిగులు కలిగించేది భద్రత. కరెంటు తీగలున్న చోట అల్యూమినియం నిచ్చెన వాడకూడదు, ఫైబర్‌గ్లాస్‌దే కావాలి. కింద ఒక మనిషి పట్టుకుని ఉండాలి. తలపైకి డ్రిల్ చేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. కొత్త భవనాల్లో కొన్ని స్లాబుల లోపల బిగించి లాగిన ఉక్కు తీగలు ఉంటాయి. బిల్డింగ్ వాళ్ల అనుమతి లేకుండా రంధ్రం వేయకూడదు. సంస్థలో పది మంది లేదా ఎక్కువ పనిచేస్తూ, జీతం నెలకు 21 వేలు మించకపోతే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) అతని హక్కు. ఈఎస్ఐ నంబరు ఇచ్చారో లేదో ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి.