సబ్సిడీ వస్తుంది కదా అని అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, అశ్వారావుపేట దగ్గర పల్లె. ఐదెకరాల్లో పామాయిల్ పెట్టాం, రెండో ఏడాది నడుస్తోంది. తోట నిర్వహణకూ అంతరపంటకూ కలిపి ఎకరాకు ఏటా 4,200 రూపాయల చొప్పున నాలుగేళ్లు ఇస్తామన్నారు. మొదటి ఏడాది పడ్డాయి, ఈసారి ఇంకా రాలేదు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు లక్ష కావాలి. సబ్సిడీ ఎలాగూ వస్తుంది, తర్వాత కాపూ మొదలవుతుంది కాబట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాం. తేవచ్చా?

జవాబు: వద్దండీ. లక్షకు నెలకు రెండు వేలు, అంటే ఏడాదికి 24 వేలు వడ్డీ. మీ ఐదెకరాలకు వచ్చే సబ్సిడీ 21 వేలు. అది టైముకు పడినా వడ్డీకే చాలదు, ఇంకో మూడు వేలు మీరే వేసుకోవాలి. అసలు మాత్రం లక్షా అలాగే ఉంటుంది.

పైగా అది టైముకు పడుతుందని నమ్మి ఏ తేదీకీ మాట ఇవ్వలేం. 2021లో కేంద్రం మొదలుపెట్టిన పామాయిల్ మిషన్‌లో ఖర్చు కేంద్రానిది కొంత, రాష్ట్రానిది కొంత. ఎవరి వాటా ఆలస్యమైనా ఆగేది రైతు డబ్బే. ఇంటి బడ్జెట్‌లో ఈ 21 వేలను సున్నాగా రాసుకోండి. వచ్చిన రోజున ఎరువుల బాకీ తీర్చండి.

రాకపోవడానికి కారణం మీ వైపు ఉందేమో కూడా చూసుకోండి. ఇలాంటి డబ్బులు ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాలో పడతాయి. మధ్యలో కొత్త ఖాతా తెరిచి ఉంటే, మీరు మరిచిపోయిన ఆ పాస్‌బుక్‌లోనే ఉండొచ్చు. అక్కడా లేకపోతే ఉద్యానశాఖ ఆఫీసులో మీ పేరు ఏ దశలో ఆగిందో అడగండి.

కాపు మీద ఆశ తప్పు కాదు, కానీ రేటు మీ చేతిలో లేదు. 2022లో టన్ను గెలలు 20 వేలు దాటాయి, మరుసటి ఏడాదే 14 వేల లోపుకు దిగాయి. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ దిగుమతి మీద మూల సుంకం 20 శాతానికి పెంచారు, 2025 మే నెలాఖరులో 10కి తగ్గించారు. సుంకం తగ్గితే బయటి నూనె చవకై, ఇక్కడి గెలల రేటు మీదా ఒత్తిడి పడుతుంది. ఢిల్లీలో సంతకం పడితే మీ పక్కనున్న దమ్మపేటలో రేటు కదులుతుంది. రాని కాపును చూపించి ఇప్పుడే అప్పు చేయడం నాకు నచ్చదు.

ఫీజుకు విద్యారుణం తీసుకోండి. ప్రభుత్వ బ్యాంకుల్లో 4 లక్షల వరకు మీ వాటాగా ఏమీ కట్టనక్కర్లేదు, మామూలుగా తాకట్టూ అడగరు. చదువు అయ్యేదాకా వాయిదాల టెన్షన్ ఉండదు. కుదిరితే వడ్డీ మాత్రం ఎప్పటికప్పుడు కట్టేయండి, లేకపోతే అసలులో కలుస్తుంది. తోట ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 3 లక్షల వరకు గడువులోగా కడితే పడేది 4 శాతమే. మీరు అనుకుంటున్న అప్పుకు ఏడాదికి 24 శాతం!

మొక్కలు చిన్నవిగా ఉన్న ఈ రెండేళ్లూ వరుసల మధ్య మొక్కజొన్నో కూరగాయలో వేస్తే, ఇంటి ఖర్చుకు సబ్సిడీ కంటే అదే నమ్మకం. పామాయిల్ మొక్క పాదులోకి మాత్రం దుక్కి రానీయకండి.

విద్యారుణం మంజూరుకు కొన్ని వారాలు పట్టొచ్చు. కాలేజీ నుంచి అడ్మిషన్ లెటరు, నాలుగేళ్ల ఫీజు వివరాల కాగితం ఈ వారంలోనే తెప్పించుకుని బ్యాంకుకు వెళ్లండి.