వైజాగ్‌లో మోడల్ విమానం మీద లాకర్ (త్వరగా ఆరే వార్నిష్ లాంటి పూత) స్ప్రే కొడితే తెల్లగా ఎందుకు మసకబారుతుంది?

చాలావరకు అది గాలిలోని తేమ వల్లే, పెయింట్ పాడైపోయి కాదు. లాకర్‌లోని థిన్నర్ (దాన్ని పల్చబరిచే ద్రవం) చాలా వేగంగా ఆవిరవుతూ ప్లాస్టిక్ పైభాగంలోని వేడిని లాగేసుకుంటుంది (చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగిలేది ఇందుకే), దాంతో అక్కడ గాలిలోని ఆవిరి సన్నటి నీటి బొట్లుగా మారి, ఇంకా ఆరని పూతలో చిక్కుకుపోతుంది. వెలుతురు అక్కడ చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది.

వైజాగ్‌లో ఇది ఎంత తేలిగ్గా జరుగుతుందో చూడండి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 విమానం మోడలే చేసి, 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న వానాకాలం సాయంత్రం బాల్కనీలో క్లియర్ కోటు (పైన వేసే రంగులేని లాకర్ పూత) కొట్టారనుకుందాం. ఆ గాలిలో ఆవిరి నీరుగా మారడానికి రెక్క మూడు డిగ్రీలు చల్లబడితే చాలు. తేమ 30 శాతమే ఉంటే దాదాపు 20 డిగ్రీలు చల్లబడాలి, మామూలుగా అంత జరగదు.

చాలామంది డబ్బా పాతదనో నకిలీదనో పారేస్తారు, లేదంటే కప్పేద్దామని ఇంకో దళసరి పూత వేస్తారు. అది మాత్రం అస్సలు వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. పూత ఆరాక, తేమ తక్కువున్న రోజు చూసి, నెమ్మదిగా ఆరే లాకర్ థిన్నర్‌ని పల్చగా చల్లండి. పూత కాస్త కరిగి తేమ బయటికి పోతుంది, తెలుపు చాలావరకు తగ్గుతుంది.