చట్టసభకు వెళ్లాలనుకునే అమ్మాయి ముందుగా ఏం చదవాలి?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. నేను తునికాకు (బీడీ ఆకు) కల్లేదారుగా, అంటే కల్లం దగ్గర ఆకు కట్టలను లెక్క చూసి తీసుకునే మనిషిగా పనిచేస్తాను. మా అమ్మాయి వృక్షశాస్త్రంతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికా మాజీ శాసనకర్త జాన్ లేసీ గురించి చదివిన నాటి నుంచి, తానూ అడవికీ వ్యాపారానికీ చట్టాలు చేసే మనిషినవుతానంటోంది. ఇది బతుకుతెరువు అవుతుందా?

జవాబు: అయ్యా, చట్టసభ సభ్యత్వాన్ని ఉద్యోగంగా లెక్కపెట్టకండి. ప్రజలు ఇస్తారు, ప్రజలే తీసుకుంటారు. లేసీ కూడా 1906 ఎన్నికల్లో ఓడిపోయారు. మీ అమ్మాయి గమనించవలసింది ఆ పదవికి ముందు ఆయన సంపాదించుకున్న విద్యను.

అయోవా రాష్ట్రంలో న్యాయవాదిగా ఉన్న లేసీ, రైల్వేలపై వచ్చిన కోర్టు తీర్పులను క్రోడీకరించి గ్రంథంగా వెలువరించారు. ఆ రోజుల్లో ఒక రాష్ట్రంలో నిషేధాన్ని కాదని చంపిన పక్షులను రైలెక్కించి మరో రాష్ట్రపు బజారులో అమ్మేవారు. టోపీల అలంకరణకు ఈకల వ్యాపారమూ జోరుగా సాగేది. ఏ రాష్ట్ర చట్టమైనా దాని సరిహద్దు దగ్గరే ఆగిపోయేది. రాష్ట్రాల మధ్య వాణిజ్యంపై కేంద్ర చట్టసభకున్న అధికారాన్నే ఆధారం చేసుకుని, అలా చంపిన జీవులను సరిహద్దు దాటించడాన్ని నేరంగా మార్చిన లేసీ చట్టం 1900 మే 25న అమల్లోకి వచ్చింది. 2008లో దాన్ని అక్రమ కలపకూ విస్తరించారు. వ్యాపారం నడిచే దారి తెలిసినవాడు కనుకనే పక్షిని కాపాడే దారి ఆయనకు దొరికిందని నా నమ్మకం. ప్రాణహిత ఒడ్డున ఉండి, అవతలి గట్టు వేరే రాష్ట్రమైన మీకు ఈ సంగతి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

కాబట్టి బీఎస్సీ పూర్తి చేయించి, మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష (సీఈటీ) ద్వారా మూడేళ్ల న్యాయవిద్యలో చేర్పించండి. జీతం భరోసా కావాలనుకుంటే, వృక్షశాస్త్రం చదివినందున భారత అటవీ సర్వీసు పరీక్షకూ ఆమె అర్హురాలే. గ్రామ పంచాయతీకి 21, శాసనసభకు 25 ఏళ్లు నిండాలి గనుక పోటీకి తొందర లేదు. ఇప్పుడే ఏదో ఒక పార్టీ జెండా పట్టించవద్దని గట్టిగా చెబుతాను.

ఈలోగా గ్రామసభను వదలనివ్వకండి. మీ జిల్లాలోనే ధానోరా తాలూకా మేంఢా-లేఖా గ్రామం 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2009లో అడవిపై సామూహిక హక్కులు పొంది, 2011లో వెదురు రవాణా అనుమతులను స్వయంగా ఇచ్చే అధికారాన్నీ సాధించింది. ఆమె ఒకసారి అక్కడికి వెళ్లి, వెదురు లెక్కలు గ్రామసభలో ఎలా చూపుతారో కళ్లారా చూడాలి. జిల్లాలో అనేక గ్రామసభలు తునికాకునూ తామే వేలం వేసుకుంటున్నాయి. ఆ ఒప్పందాలు మరాఠీలో ఉంటాయి, ఆకు కోసేవారిలో చాలామంది మాడియా, గోండి మాట్లాడతారు, మీ ఇంట్లో తెలుగు. ఈ భాషల మధ్య షరతులు తప్పు లేకుండా చెప్పగలగడం న్యాయవాదిగా ఆమెకు మొదటి బలం.

వచ్చే సీజనులో కట్టల లెక్క రాసేటప్పుడు ఆమెను కల్లం దగ్గర కూర్చోబెట్టుకోండి. ఒప్పందపత్రం చదివి, అక్కడున్నవారికి వారి భాషలో వివరించే పని ఆమెకే అప్పగించండి.