గుట్ట మీది నాగజెముడు దేశవాళీదేనా?

ప్రశ్న: మా గుట్ట వాలులోనూ, పొలం గట్లపైనా రెండు మూడు రకాల జెముళ్లు ఉన్నాయి. వాటిలో దేశవాళీ నాగజెముడును ఎలా గుర్తించాలి? ఎండాకాలంలో మేకలకు కోసి వేయవచ్చా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: నాగజెముడు, అంటే మీ వైపు కొందరు నాగదాళి అనే మొక్క, మన దేశవాళీది కాదు. ఇది చేరిన ఒపన్షియా జాతి మొక్కలన్నిటి పుట్టిల్లు అమెరికా ఖండాలే. మన గుట్టలపై సహజంగా పెరిగేవి బొమ్మజెముడు, ఆకుజెముడు వంటివి. ఇవి యుఫోర్బియా జాతికి చెందినవి, చూపుకు నాగజెముడును పోలి ఉన్నా కుటుంబమే వేరు.

ముఖానికి దూరంగా ఉంచి, పొడవైన కొడవలితో చిన్న గాటు పెట్టి చూడండి. తెల్లని పాలు కారితే అది యుఫోర్బియా. దానిని మేకలకు వేయకూడదు. ఆ పాలు కంట్లో పడితే వెంటనే నీటితో బాగా కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి. నాగజెముడులో పాలు ఉండవు, జిగురు నీరు మాత్రమే ఊరుతుంది. ముళ్లను గమనించినా తేడా తెలుస్తుంది: బొమ్మజెముడు కాడ పలకలుగా ఉండి, అంచుల వెంట పొట్టి ముళ్లు జంటలుగా వస్తాయి, నాగజెముడులో బల్లపరుపు మట్టలపై అక్కడక్కడ చిన్న మెత్తవంటి బుడిపె, దానిలోంచి గట్టి పసుపు ముళ్లు, వాటి మొదట్లో కంటికి సరిగా ఆనని నూగు ముళ్లు ఉంటాయి. చేతికి గుచ్చుకుని రోజుల తరబడి బాధించేవి ఈ నూగు ముళ్లే.

మట్టలపై దూది వంటి తెల్లని మచ్చలుంటే పుల్లతో నలపండి. ఎర్రని రంగు వస్తే అది కొచినీల్ పురుగు. దక్షిణ భారతంలో విపరీతంగా వ్యాపించిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి తెప్పించిన పురుగు ఇదే కనుక, గుట్ట మీద దానికి మందు కొట్టనవసరం లేదు. అయితే మీరు మేత కోసం ముళ్లులేని నాగజెముడు నాటదలిస్తే, అదే పురుగు దానికీ పట్టవచ్చు.

మేత విషయానికి వస్తే, పాలు లేవని తేలిన మట్టలను మాత్రమే కోసి, నూగు ముళ్లు కూడా పోయేలా మంటపై కాల్చి, ముక్కలు చేసి, వేరుశనగ కట్టెతోనో జొన్న చొప్పతోనో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మట్టలో అధిక భాగం నీరే, మాంసకృత్తులు తక్కువ; ఒక్కదాన్నే మేపితే పశువులు పారుకుంటాయి. మిగిలిన ముక్కలను గట్టున పారవేయవద్దు, ప్రతి ముక్కా వేరు తొడుగుతుంది.